ఎక్స్‌ప్లోరర్ నుంచి లాగిన ఫైల్ మన విండోలో ఎందుకు పడట్లేదు: క్యూటీలో డ్రాగ్ అండ్ డ్రాప్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖ పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు కోసం క్యూటీ 6 విడ్జెట్స్‌తో (విండోలు, బటన్లు, పట్టికలు కట్టడానికి వాడే సీ++ లైబ్రరీ) విండోస్ అప్లికేషన్ రాశారు. ఎడమవైపు కన్‌సైన్‌మెంట్ల పట్టిక ఉంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ పీడీఎఫ్‌లను లాగి ఒక్కో వరుస మీద వదలాలి. కుడివైపు కంటైనర్ల పట్టిక ఉంది. ఏ కంటైనర్ ముందు బయల్దేరాలో వరుసలు లాగి సర్దుకోవాలి. మధురవాడలో మీ మెషిన్ల మీద ఫైళ్లు పడుతున్నాయి, క్లయింటు దగ్గర మాత్రం నిషేధం గుర్తు వస్తోంది. ఔట్‌లుక్ అటాచ్‌మెంట్ అసలు పడట్లేదు. పెద్ద స్కాన్లు వదిలితే మీ విండోతో పాటు ఎక్స్‌ప్లోరర్ కూడా బిగుసుకుపోతోంది. కంటైనర్‌ని కిందకి లాగితే ఒక వరుస తేడాగా కూర్చుంటోంది, కొన్నిసార్లు మాయమైపోతోంది.

ఇవన్నీ వేర్వేరు జబ్బులు. ఒకే మందు కోసం వెతక్కండి.

ముందు క్లయింటు దగ్గర సంగతి. కోడ్ జోలికి వెళ్లే ముందు వాళ్ల మెషిన్ మీద టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో ‘ఎలివేటెడ్’ టిక్ పెట్టండి. మీ ప్రోగ్రాం ఎదురుగా ‘యెస్’ అని ఉంటే దొంగ దొరికినట్టే. విస్టా నుంచి విండోస్‌లో ఒక కట్టుబాటు ఉంది: తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాం ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాం విండోలోకి సరుకు తోయలేదు. ఎక్స్‌ప్లోరర్ నడిచేది మామూలు యూజర్‌గా. మీది అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తుంటే డ్రాగ్ ఎంటర్ ఈవెంట్ మీ దాకా రాదు, లాగ్‌లో ఒక్క ముక్క కూడా పడదు. ఛేంజ్ విండో మెసేజ్ ఫిల్టర్ పిలిస్తే పోతుందని చాలాచోట్ల కనిపిస్తుంది. అది పాత డ్రాప్ ఫైల్స్ మెసేజ్ పద్ధతికి పనికొస్తుంది. క్యూటీ వాడేది ఓఎల్ఈ పద్ధతి (ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా ఇచ్చుకునే విండోస్ ఏర్పాటు), దానికి ఆ చిట్కా పారదు.

అసలు అడ్మినిస్ట్రేటర్‌గా ఎందుకు నడపాల్సి వస్తోందో చూడండి. డేటాబేస్ ఫైలో, సెట్టింగ్స్ ఫైలో ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టి ఉంటారు. అక్కడ రాయడానికి అనుమతి చాలక, ఎవరో షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెట్టి ఊరుకుంటారు. యూజర్‌కి చెందిన డేటాని యాప్ డేటా కిందకి, ఆ మెషిన్ మీద అందరికీ ఉమ్మడిగా ఉండాల్సింది ప్రోగ్రాం డేటా కిందకి మార్చండి. మ్యానిఫెస్ట్‌లో (ప్రోగ్రాం ఏ అధికారంతో నడవాలో విండోస్‌కి చెప్పే వివరాల్లో) అధికార స్థాయి ‘యాజ్ ఇన్‌వోకర్’ అని ఉంచండి. ఇంకో చిక్కు: ఇన్‌స్టాలర్ చివరి పేజీలో ‘ఇప్పుడే తెరువు’ అన్న టిక్ ఉంటే, ఇన్‌స్టాలర్ అధికారమే మీ ప్రోగ్రాంకి సంక్రమించవచ్చు. అందుకే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే పనిచేయదు, మూసి మళ్లీ తెరిస్తే పనిచేస్తుంది. క్లయింటు ఫోన్ చేసేలోగా అంతా సవ్యంగానే ఉంటుంది, మీకు దొరకదు. ఇన్నో సెటప్ వాడుతుంటే రన్ విభాగంలో ‘రన్ యాజ్ ఒరిజినల్ యూజర్’ ఫ్లాగ్ ఉందో లేదో చూసుకోండి. మీ దగ్గర కూడా క్యూటీ క్రియేటర్‌నో విజువల్ స్టూడియోనో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డీబగ్ చేస్తే ఇదే గతి.

ఎలివేటెడ్ కాలమ్‌లో ‘నో’ అని ఉండి కూడా నిషేధం గుర్తు వస్తుంటే, అప్పుడు తప్పు మీ కోడ్‌లో ఉంది.

డ్రాగ్ అండ్ డ్రాప్ అంటే రెండు ప్రోగ్రాముల మధ్య బేరం. లాగే వైపు ‘నా దగ్గర ఈ ఈ రూపాల్లో సరుకు ఉంది, కాపీగా ఇస్తాను, మూవ్‌గా ఇస్తాను’ అంటుంది. వదిలే వైపు మౌస్ కదిలిన ప్రతిసారీ ‘ఇక్కడ తీసుకుంటాను’, ‘ఇక్కడ వద్దు’ అని జవాబు చెబుతూ ఉండాలి. క్యూటీలో మామూలు విడ్జెట్‌కి సెట్ యాక్సెప్ట్ డ్రాప్స్ పెట్టి, డ్రాగ్ ఎంటర్ ఈవెంట్‌లో ఒప్పుకుంటే చాలు. టేబుల్ వ్యూ, ట్రీ వ్యూ, లిస్ట్ వ్యూలకి అది చాలదు. వాటి బేస్ క్లాస్‌లోని డ్రాగ్ మూవ్ ఈవెంట్ నేరుగా మోడల్‌ని, అంటే పట్టిక వెనక డేటా పట్టుకుని ఉండే ఆబ్జెక్ట్‌ని, అడుగుతుంది: ఈ మైమ్ రకం (సరుకు ఏ రూపంలో ఉందో చెప్పే పేరు) నీకు తెలుసా, ఈ వరుస మీద వదలనిస్తావా అని. మీరు డ్రాగ్ ఎంటర్ ఒక్కటే ఓవర్‌రైడ్ చేసి వదిలేస్తే ఎంటర్ దగ్గర ‘సరే’, మరుసటి పిక్సెల్ దగ్గర ‘వద్దు’. యూజర్‌కి కనిపించేది నిషేధం గుర్తే.

వ్యూలో ఈవెంట్లు ఒక్కొక్కటీ ఓవర్‌రైడ్ చేసుకుంటూ పోయేకంటే మోడల్‌లోనే చెప్పేయడం మేలు. మైమ్ టైప్స్ ఫంక్షన్ నుంచి ‘టెక్స్ట్/యూఆర్ఐ-లిస్ట్’ ఇవ్వండి. కెన్ డ్రాప్ మైమ్ డేటాలో పీడీఎఫ్ ఉందో లేదో చూసి అవును, కాదు చెప్పండి. డ్రాప్ మైమ్ డేటాలో తీసుకోండి. ఫ్లాగ్స్ ఫంక్షన్‌లో మీ రెండు పట్టికలకీ రెండు వేర్వేరు జవాబులు కావాలి. కన్‌సైన్‌మెంట్ల పట్టికలో ఫైల్ వరుస మీదే పడాలి కాబట్టి, ‘డ్రాప్ ఎనేబుల్డ్’ ఫ్లాగ్ చెల్లే ఇండెక్స్‌లకి మాత్రమే ఇవ్వండి. కంటైనర్ల పట్టికలో రెండు వరుసల మధ్యే పడాలి కాబట్టి దీనికి విరుద్ధంగా, చెల్లని ఇండెక్స్‌కి, అంటే రూట్‌కి మాత్రమే ఇవ్వండి, వరుసలకి ఇవ్వొద్దు. ఈ తేడా పాటించకపోతే యూజర్ ‘మధ్యలో’ అనుకుని వదిలింది ‘మీద’ పడుతుంది.

కెన్ డ్రాప్ మైమ్ డేటా, డ్రాగ్ మూవ్ రెండూ సెకనుకి చాలాసార్లు నడుస్తాయి. వాటిలో డిస్క్ ముట్టుకోకండి. ఫైల్ తెరిచి నిజంగా పీడీఎఫ్ అవునా కాదా అని చూసే కోడ్ అక్కడ పెడితే, ఆ ఫైల్ నెట్‌వర్క్ షేర్ మీద ఉన్న రోజున మౌసే నత్తనడక నడుస్తుంది. పేరు చివరి ఎక్స్‌టెన్షన్ చూసి ఊరుకోండి.

ఇక డ్రాప్. ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోవడానికి కారణం ఇక్కడుంది. ఎక్స్‌ప్లోరర్ లాగడం మొదలుపెట్టినప్పుడు డూ డ్రాగ్ డ్రాప్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. మీ డ్రాప్ ఫంక్షన్ ముగిసి జవాబిచ్చేదాకా ఆ పిలుపు అక్కడే ఆగి ఉంటుంది. మీరు డ్రాప్ లోపలే పీడీఎఫ్ చదివి, సర్వర్‌కి పంపి, ‘ఈ ఫైల్ ఇప్పటికే ఉంది, మార్చమంటారా?’ అని మెసేజ్ బాక్స్ చూపిస్తే, యూజర్ బటన్ నొక్కేదాకా ఎక్స్‌ప్లోరర్ పడిగాపులు కాయాలి. గోడౌన్ దగ్గర లారీ వచ్చినప్పుడు ఏం చేస్తారో అదే ఇక్కడా చేయాలి. సరుకు దించుకుని, సంతకం పెట్టి లారీని పంపేయాలి. మూటలు విప్పి లెక్క చూసుకోవడం ఆ తర్వాత.

అంటే డ్రాప్‌లో చేయాల్సింది: మైమ్ డేటా నుంచి యూఆర్ఎల్‌ల జాబితాని మీ సొంత వేరియబుల్‌లోకి కాపీ చేసుకోవడం, ఏ కన్‌సైన్‌మెంట్ మీద పడిందో దాని ఐడీ రాసుకోవడం, ఒప్పుకున్నట్టు చెప్పి బయటికి రావడం. మెసేజ్ బాక్స్ కావాలంటే సున్నా మిల్లీసెకన్ల సింగిల్ షాట్ టైమర్‌తో తర్వాత చూపించండి. పీడీఎఫ్ చదవడం, అప్‌లోడ్ చేయడం థ్రెడ్ పూల్‌కి ఇవ్వండి. టైమర్‌తో వాయిదా వేసినా పని జరిగేది మెయిన్ థ్రెడ్ మీదే, కాబట్టి బరువైన పనికి టైమర్ ఒక్కటే సరిపోదు. మైమ్ డేటా పాయింటర్‌ని మాత్రం ల్యాంబ్డాలో పట్టుకుపోకండి. డ్రాప్ ముగిశాక అది మీది కాదు, ముట్టుకుంటే క్రాష్.

దీనికో మినహాయింపు ఉంది, అది తెలియకపోతే ఈ సలహా మీకు నష్టమే చేస్తుంది. కొన్ని జిప్ తరహా ప్రోగ్రాముల నుంచి ఫైల్ లాగితే, అవి దాన్ని టెంప్ ఫోల్డర్‌లోకి విప్పి ఆ దారి మీకిస్తాయి. డ్రాప్ ముగియగానే టెంప్ కాపీని తుడిచేస్తాయి. మీ థ్రెడ్ తెరవబోయే సరికి ఫైల్ ఉండదు. అందుకని వచ్చిన దారి టెంప్ ఫోల్డర్ కింద ఉంటే, ఆ ఫైల్‌ని మీ సొంత ఫోల్డర్‌లోకి డ్రాప్ లోపలే కాపీ చేసేసుకోండి. మామూలు ఫోల్డర్లలోని ఫైళ్లకి దారి రాసుకుంటే చాలు.

డ్రాప్‌లో ఇంకొక్క వరుస కోడ్ ఉంది, ఇది తప్పితే క్లయింటు కాగితాలే పోతాయి. చాలా ఉదాహరణల్లో ‘యాక్సెప్ట్ ప్రపోజ్డ్ యాక్షన్’ అని రాసి ఉంటుంది. యూజర్ షిఫ్ట్ నొక్కి లాగితే ప్రతిపాదన మూవ్‌గా వస్తుంది. మీరు మూవ్‌కి ఒప్పుకున్నారంటే ‘నేను తీసేసుకున్నాను, నీ దగ్గరిది చెరిపేయొచ్చు’ అని చెప్పినట్టు. లాగిన వైపు ఆ మాట నమ్మి అసలు ఫైల్‌ని తొలగించవచ్చు. బయటి నుంచి వచ్చే ఫైళ్లకి ఎప్పుడూ సెట్ డ్రాప్ యాక్షన్‌తో కాపీ అని పెట్టి, తర్వాత యాక్సెప్ట్ పిలవండి. మోడల్ పద్ధతిలో వెళ్తుంటే సపోర్టెడ్ డ్రాప్ యాక్షన్స్ నుంచి కాపీ ఒక్కటే ఇవ్వండి, ఆపై వ్యూలో డ్రాప్ ఈవెంట్‌ని కూడా ఓవర్‌రైడ్ చేసి, బేస్ క్లాస్‌ని పిలిచే ముందు అది కాపీయేనని ఖాయం చేసుకోండి. ఇందులో అతిజాగ్రత్త అంటూ ఏమీ లేదు. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ స్కాన్ పోతే క్లయింటు ఎవరిని అడుగుతారో మీకు తెలుసు.

ఫైల్ పేర్ల విషయం మనవాళ్లు తప్పక చూసుకోవాలి. యూఆర్ఎల్ నుంచి దారి తీయడానికి ‘టు లోకల్ ఫైల్’ ఒక్కటే వాడండి. ‘పాత్’ వాడితే డ్రైవ్ అక్షరానికి ముందు అనవసరపు స్లాష్ మిగులుతుంది. ‘టు ఎన్‌కోడెడ్’ వాడితే తెలుగు పేర్లు చిందరవందర అవుతాయి. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో ఒక్కో బైటుకి మూడు క్యారెక్టర్లు. ‘విశాఖ’ అన్న చిన్న మాటలో గుణింతాలతో కలిపి ఐదు గుర్తులున్నాయి, అది 45 క్యారెక్టర్లుగా మారుతుంది. దారి సరిగ్గా తీసుకున్నాక కూడా, దాన్ని స్టాండర్డ్ స్ట్రింగ్‌లోకి మార్చి సీ++ ఫైల్ స్ట్రీమ్‌కి ఇస్తే విండోస్‌లో తెరుచుకోదు. ఆ స్ట్రీమ్ బైట్లని మెషిన్ కోడ్ పేజీలో చదువుతుంది, తెలుగుకి అలాంటి ఆన్సీ కోడ్ పేజీ లేదు. క్యూఫైల్‌తో తెరవండి. టెస్ట్ ఫోల్డర్‌లో తెలుగు పేరున్న పీడీఎఫ్ ఒకటి శాశ్వతంగా ఉంచుకోండి. బ్రౌజర్ నుంచి లింక్ లాగితే అదీ యూఆర్ఎల్‌గానే వస్తుంది, టు లోకల్ ఫైల్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. దాన్ని తిప్పి పంపండి.

ఔట్‌లుక్ అటాచ్‌మెంట్ ఎందుకు పడట్లేదంటే, అది డిస్క్ మీద ఫైల్ కాదు. క్లాసిక్ ఔట్‌లుక్ మీకు దారి ఇవ్వదు. ‘ఇన్ని ఫైళ్లున్నాయి, పేర్లు ఇవి’ అని ఒక జాబితా, విడిగా ఒక్కోదాని లోపలి బైట్లు ఇస్తుంది. జాబితా పేరు ఫైల్ గ్రూప్ డిస్క్రిప్టర్ డబ్ల్యూ, బైట్ల పేరు ఫైల్ కంటెంట్స్. క్యూటీ వీటిని ‘అప్లికేషన్/ఎక్స్-క్యూటీ-విండోస్-మైమ్’ అనే రకం కింద, వాల్యూలో ఆ పేరు పెట్టి చూపిస్తుంది. ముందు ఫార్మాట్స్ ఫంక్షన్ ఇచ్చే జాబితాని లాగ్‌లో రాయించి, మీ మెషిన్ మీద సరిగ్గా ఏ స్ట్రింగ్ వస్తోందో చూసుకోండి. ఒకటికి మించి అటాచ్‌మెంట్లుంటే ఫైల్ కంటెంట్స్ స్ట్రింగ్ చివర ఇండెక్స్ సున్నా, ఒకటి, రెండు అని చేర్చి ఒక్కోటీ తీసుకోవాలి.

జాబితా లోపలి అమరిక ఇది: మొదటి 4 బైట్లు ఫైళ్ల సంఖ్య. ఆ తర్వాత ఒక్కో ఫైల్‌కి 592 బైట్ల దిమ్మె. అందులో తొలి 72 బైట్లు ఫ్లాగ్‌లు, తేదీలు, సైజు వగైరా. మిగిలిన 520 బైట్లు పేరు, అంటే యూటీఎఫ్-16లో 260 క్యారెక్టర్లు, సున్నా దగ్గర ఆగాలి. అంటే మొదటి ఫైల్ పేరు 76వ బైటు ఆఫ్‌సెట్ దగ్గర, రెండోది 668 దగ్గర మొదలవుతాయి. చేతికొచ్చిన డేటా పొడవు నిజంగా అంత ఉందో లేదో చూశాకే చదవండి. ఆ పేరుని ఉన్నది ఉన్నట్టు దారికి అతికించకండి. బయటివాళ్లు పంపిన మెయిల్‌లోని పేరు అది, అందులో రెండు చుక్కలు, బ్యాక్‌స్లాష్ ఉంటే మీ ఫోల్డర్ దాటి ఇంకెక్కడో రాసేస్తుంది. చివరి పేరు ముక్క మాత్రం తీసుకుని, మీ సొంత ఐడీ ముందు తగిలించి దాచుకోండి. ఈ బైట్లు డ్రాప్ లోపలే తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇచ్చేవాళ్లుండరు. పార్సింగ్ తర్వాత.

ఇక కంటైనర్ల పట్టిక. వరుస మాయమవడానికి, ఒకటి తేడా రావడానికి కారణాలు వేరు.

మాయమవడం: టేబుల్ వ్యూ తన స్టార్ట్ డ్రాగ్ లోపల డ్రాగ్ నడిపి, ఫలితం మూవ్ అని వస్తే, సెలెక్ట్ అయి ఉన్న వరుసల్ని తనే తొలగిస్తుంది. డ్రాప్ అంటే కొత్త చోట కాపీ చొప్పించడం, పాతది నేను తీసేస్తాను అన్నది దాని లెక్క. మీరేమో డ్రాప్ మైమ్ డేటాలో బిగిన్ మూవ్ రోస్‌తో వరుసనే కదిపేశారు. సెలెక్షన్ వరుసతో పాటే కొత్త చోటుకి వచ్చింది. వ్యూ వచ్చి, పాతదనుకుని, ఉన్న ఒక్కదాన్నీ తీసేసింది. కొన్నిసార్లు వరుస ఉండి గడులు మాత్రం ఖాళీ అవుతుంటే అది డ్రాగ్ డ్రాప్ ఓవర్‌రైట్ మోడ్ పని. టేబుల్ వ్యూలో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఫాల్స్ చేయండి. మాయమవడానికి మందు: వ్యూలో స్టార్ట్ డ్రాగ్‌ని ఓవర్‌రైడ్ చేసి, మోడల్ నుంచి మైమ్ డేటా తీసుకుని, క్యూడ్రాగ్ సృష్టించి, ఎగ్జిక్ పిలిచి, ఫలితాన్ని పట్టించుకోకుండా వదిలేయడం. పది వరుసల కోడ్. క్యూడ్రాగ్‌ని మీరు డిలీట్ చేయకండి, ఆ పని క్యూటీదే. డ్రాప్ మైమ్ డేటా నుంచి ఫాల్స్ తిరిగివ్వమనే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. జరిగిన పనిని జరగలేదని చెప్పడం అది, రేపు ఈ కోడ్ చదివేవాళ్లకి అర్థం కాదు. స్టార్ట్ డ్రాగ్ దారే శుభ్రం.

ఒక వరుస తేడా: ఇది లెక్క. వరుసలు 0 నుంచి మొదలు. 2వ వరుసని పట్టుకుని 5కి, 6కి మధ్య వదిలారు. డ్రాప్ మైమ్ డేటాకి వచ్చే రో విలువ 6, అంటే ‘ఇప్పుడున్న 6కి ముందు’. బిగిన్ మూవ్ రోస్‌కీ అదే 6 ఇవ్వాలి, అది కదపక ముందు లెక్కే అడుగుతుంది. మీ లిస్ట్‌లో మాత్రం 2ని తీసేశాక దాని తర్వాతి వరుసలన్నిటి నంబర్ ఒకటి తగ్గుతుంది, కాబట్టి చొప్పించాల్సిన చోటు 5. కిందకి లాగినప్పుడు లిస్ట్‌కి ఒకటి తగ్గించాలి, పైకి లాగినప్పుడు తగ్గించకూడదు. 6ని 2 ముందుకి తెస్తే రెండు చోట్లా 2. మీకు కిందకి లాగినప్పుడే తేడా వస్తోందంటే ఈ ఒకటి మరిచారన్నమాట. 2ని పట్టుకుని 2 ముందో 3 ముందో వదిలితే కదిలేదేమీ లేదు, బిగిన్ మూవ్ రోస్ ఫాల్స్ ఇస్తుంది. అది ఫాల్స్ ఇస్తే ఎండ్ మూవ్ రోస్ పిలవకూడదు. పట్టిక కింద ఖాళీ చోట వదిలితే రో విలువ మైనస్ ఒకటి వస్తుంది, దాన్ని ‘చివర’ అని అర్థం చేసుకోండి.

మైమ్ డేటాలో వరుస నంబర్ పెట్టకండి. లాగుతుండగా సర్వర్ నుంచి కొత్త జాబితా వచ్చి పట్టిక మారితే 2వ వరుస వేరే కంటైనర్ అయిపోతుంది. కంటైనర్ నంబర్ 11 క్యారెక్టర్లు, నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఒక చెక్ అంకె, అచ్చంగా కీ లాగే ఉంటుంది. అయినా అదే కంటైనర్ ఇంకో ట్రిప్పులో మళ్లీ వస్తుంది కాబట్టి మీ డేటాబేస్‌లోని ట్రిప్పు ఐడీయే కీగా పెట్టండి. దాంతో పాటు ప్రాసెస్ ఐడీ కూడా చేర్చి, డ్రాప్‌లో సరిపోల్చండి. ఒకే మెషిన్ మీద మీ ప్రోగ్రాం రెండుసార్లు తెరిచి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి లాగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

చిన్నవి కొన్ని. మీరే మౌస్ మూవ్‌లో డ్రాగ్ మొదలుపెడుతుంటే నొక్కిన చోటు నుంచి ‘స్టార్ట్ డ్రాగ్ డిస్టెన్స్’ దాటాకే మొదలుపెట్టండి. క్యూటీలో మామూలుగా అది 10 పిక్సెళ్లు. అది లేకపోతే ప్రతి క్లిక్కూ డ్రాగ్ అవుతుంది. పట్టిక అంచున ఆటో స్క్రోల్ మార్జిన్ మొదట్లో 16 పిక్సెళ్లే ఉంటుంది. వంద కంటైనర్లుంటే అది చాలా ఇరుకు, ఒక వరుస ఎత్తుకి పెంచండి.

కంటైనర్ వరుసలకి ఆల్ట్‌తో పై, కింద బాణాల కీలు కూడా ఇవ్వండి. ఫైళ్లకి కంట్రోల్ వీ ఇవ్వండి. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసిన ఫైల్ క్లిప్‌బోర్డ్‌లో ఇదే మైమ్ డేటా రూపంలో వస్తుంది, కాబట్టి డ్రాప్‌కి రాసిన ఫంక్షన్నే పేస్ట్‌కీ పిలవొచ్చు. క్లయింటు రిమోట్ డెస్క్‌టాప్‌లో మీ ప్రోగ్రాం వాడుతుంటే ఇక్కడి ఎక్స్‌ప్లోరర్ నుంచి అక్కడి విండోలోకి లాగడం కుదరదు, కాపీ పేస్ట్ కుదురుతుంది. వాళ్లకి పేస్టే దిక్కు.

అన్‌డూ లేకుండా వరుసలు లాగే సదుపాయం ఇవ్వకండి. అరిగిపోయిన మౌస్ స్విచ్ బటన్ నొక్కి ఉండగానే ఒక్క క్షణం వదిలినట్టు సంకేతం పంపుతుంది. కంటైనర్ దారి మధ్యలోనే పడిపోతుంది, యూజర్ తన చెయ్యి జారిందనుకుంటాడు. మీ కోడ్‌కి అది మామూలు డ్రాప్ లాగే కనిపిస్తుంది. క్యూఅన్‌డూ స్టాక్‌లో ట్రిప్పు ఐడీ, పాత స్థానం, కొత్త స్థానం పెట్టి కంట్రోల్ జెడ్ ఇవ్వండి. కదిలిన వరుసని రెండు సెకన్లు లేత రంగులో చూపించండి, ఎక్కడ పడిందో కంటికి ఆనుతుంది.

ఈసారి పోర్టు ఏరియాకి వెళ్లినప్పుడు క్లయింటు మెషిన్ మీదే ఇవి లాగి చూడండి: తెలుగు పేరున్న పీడీఎఫ్, షేర్ ఫోల్డర్‌లోని పెద్ద స్కాన్, జిప్ ప్రోగ్రాం లోపలి ఫైల్, రెండు అటాచ్‌మెంట్లున్న మెయిల్, ఒక ఫోల్డర్, షిఫ్ట్ పట్టుకుని ఒక ఫైల్, మధ్యలో ఎస్కేప్ నొక్కి ఒక ఫైల్. షిఫ్ట్‌తో లాగిన ఫైల్ పాత చోట ఇంకా ఉందో లేదో ఫోల్డర్ తెరిచి మీ కళ్లతో చూశాకే కొత్త వెర్షన్ వాళ్ల చేతికివ్వండి.